మల్కెరిన్ వాళ్ల వంతు

డీలియా మల్కెరిన్ ఇంగ్లండులో బస్సు కండక్టరుగా టిక్కెట్లు కొట్టి కొట్టి రిటైరై, తాతగారి ఇంట్లో ఉండటానికి వస్తున్నానని కబురు పెట్టినప్పుడు సముద్రం ఒడ్డున ఉన్న మా ట్రాబాన్ ఊళ్లో ఎవరూ నమ్మలేదు. వేసవిలో దిగి, సముద్రం చూసి ఆహా ఓహో అని, నాలుగు గవ్వలు ఏరుకుని పోయేవాళ్లు మాకు కొత్త కాదు. ఈవిడా అంతేననుకున్నారు. తీరా చూస్తే చలికాలం గాలులకు కూడా మనిషి కదల్లేదు. కప్పు మీద పలకలు లేచిపోతే తనే నిచ్చెనెక్కింది. పొగగొట్టంలో కాకులు కట్టిన గూళ్లు తనే లాగి పారేసింది. అరవై దాటిన మనిషి, అవి మోకాళ్లో చెక్కముక్కలో అని అందరూ బుగ్గలు నొక్కుకున్నారు.

ఆమె పుట్టింది ఇంగ్లండులోనే. నోరు తెరిస్తే ఆ దేశమే పలుకుతుంది. కానీ చిన్నప్పుడు వేసవులన్నీ ఇక్కడే, మేనత్త సబీనా దగ్గర. పొయ్యిలో కాలే పీటు మట్టిపెళ్లల పొగ వాసన, రాళ్ల మీద ఎండే సముద్రపు పాచి వాసన ముక్కులో పెట్టుకునే అక్కడ ఉద్యోగం చేసింది. వాన కురిసిన రోజున బస్సులో జనం తడిబట్టలతో ఎక్కితే ఆ వాసన కోసం ప్రాణం కొట్టుకుపోయేది. పెళ్లి చేసుకోలేదు. నీకు ఇల్లు లేదా అని ఎవరన్నా అడిగితే, ఉంది, కానీ ఇక్కడ కాదు అనేది.

అలాంటి మనిషికి ఇల్లు చేతికొచ్చినా మనసు నిండలేదు. వంతు రాలేదు మరి.

మా ఊళ్లో ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి ఫాదర్ గారు గుడి వదిలి ఎవరో ఒకరి ఇంటికొచ్చి పూజ చెబుతారు. ఉన్నవి ఏడే ఇళ్లు. ఒడ్డు నుంచి మొదలై దారి వెంట పైకి, ఇంటి తర్వాత ఇల్లుగా వంతు నడుస్తుంది. వంతు వచ్చిన ఇంట్లో గోడలకు సున్నం పడుతుంది, తలుపుకు రంగు పడుతుంది, మగవాడికి క్షవరం పడుతుంది. పూజయ్యాక ఊరందరికీ ఆ ఇంట్లోనే టీ, గుడ్లు, సోడా రొట్టె. వంతు ఉన్న ఇల్లే మాకు ఇల్లు. ఆ సంగతి డీలియాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఆమె ఇల్లు పాచో కోయిన్ ఇంటికీ, హానర్ లావెల్ ఇంటికీ మధ్య ఉంది. ఏప్రిల్ వంతు పాచోది. డీలియా ఉన్నంతలో మంచి గౌను వేసుకుని ముందే వెళ్లి కూర్చుంది. పూజయ్యాక ఫాదర్ గెరటీ గుడ్డు పెంకు వలుస్తూ, "మరి అక్టోబరులో ఎవరింట్లో?" అన్నారు.

డీలియా కప్పు కింద పెట్టింది. గొంతు సవరించుకుంది.

"మా ఇంట్లో, ఫాదర్," అంది హానర్ లావెల్. ఎనభై దాటిన మనిషి, ఆవిడ మాటకు ఊళ్లో ఎదురు లేదు. అందరూ తలలూపి రొట్టెల మీద పడ్డారు. మధ్యలో ఒక ఇల్లుందని ఎవరికీ తోచినట్టే లేదు. డీలియా నవ్వుతూనే వెన్న గిన్నె పక్కవాళ్లకు అందించింది.

పాచో గేటుదాకా వెంట వచ్చాడు. "ఏం డీలియా, మొహం అలా మాడిపోయిందేంటి? నా గుడ్డు గానీ ఉడకలేదా?"

"గుడ్డు బానే ఉంది పాచో. నా ఇల్లే మీ కంటికి ఆనలేదు."

పాచో అప్పుడే గీయించుకున్న గడ్డం తడుముకున్నాడు. "నన్నడక్కు తల్లీ. హానర్‌తో పెట్టుకునే ధైర్యం ఈ ఊళ్లో గాలికి కూడా లేదు."

ఆ వేసవంతా డీలియా లోలోపల కుమిలింది. నా మాట తీరు చూసి పరాయిదాన్ననుకున్నారు, ఇక చచ్చేదాకా ఇంతే అనుకుంది. అంతలోనే ఆశ చావక పట్నం వెళ్లి పువ్వుల అంచు కప్పులు కొనుక్కొచ్చి అల్మారాలో పెట్టుకుంది. వంతు ఇమ్మని నోరు విడిచి అడగటం మా వైపు లేదు. అడిగితే పరువు తక్కువ. సెప్టెంబరు చివర్లో హానర్ బక్కెట్లో సున్నం కలుపుతూ కనిపించేసరికి ఇక ఉండబట్టలేక, పరువు గిరువు పక్కన పెట్టి వెళ్లింది. అప్పటికి హానర్ నిచ్చెనెక్కి గోడకు సున్నం కొడుతోంది.

"హానర్ అత్తా, నేనేం తప్పు చేశాను?"

"ముందు ఆ నిచ్చెన పట్టుకో. ఊగుతోంది."

డీలియా పట్టుకుంది. పట్టుకునే అడిగింది. "వరసలో మా ఇల్లు మీకన్నా ముందుంది. దాటేశారు. ఇంగ్లండులో పుట్టినదానికి ఫాదర్ గారికి టీ ఇవ్వడం చేతకాదనా?"

హానర్ దిగింది. కుంచె బక్కెట్లో పడేసింది. "ఎవరే దాటేసింది? అక్టోబరుది మీ వంతే. మాది వచ్చే ఏప్రిల్లో. అదీ మా ఇంట్లోనే, ఇదీ మా ఇంట్లోనే."

"మా వంతు మీ ఇంట్లో ఏంటి?"

"మీ అత్త సబీనా నా నెత్తిన పెట్టి పోయింది కాబట్టి. ఊపిరి ఆడటం లేదని మీ నాన్న వచ్చి తీసుకుపోయాడు చూడూ, ఆ రోజు బస్సు దగ్గర నా చెయ్యి పట్టుకుని, 'హానర్, నేనొచ్చేదాకా మా వంతు నువ్వు చూడవే' అంది. చూశాను. వరస తిరిగొచ్చినప్పుడల్లా రెండు సున్నాలు, రెండు వంటలు. మా ఆయన పోయిన ఏడు కూడా మానలేదు."

డీలియా తిరిగి తన ఇంటి వైపు చూసింది. ఇన్నేళ్లూ ఆ ఇల్లు వరస తప్పలేదన్నమాట. తాళం పడి, కాకులు గూళ్లు కట్టి, కప్పు కారుతున్నా వంతు నడుస్తూనే ఉంది. కళ్లు తుడుచుకుని, "ఇప్పుడు నేనొచ్చాగా అత్తా. ఇచ్చెయ్యండి," అంది.

"ఇవ్వను."

"అదేంటి!"

"నాకు అప్పజెప్పింది నువ్వు కాదు. అది వచ్చి అడగనీ."

"అత్త పోయి ఆరేళ్లయింది. మీకు కబురు చేశాం కదా."

"కబురొచ్చింది. మనిషి రాలేదు, శవమూ రాలేదు. మీరు అక్కడే ఎక్కడో పూడ్చుకున్నారు. నేను పిడికెడు మట్టి వేశానా? పక్కన కూర్చుని రాత్రంతా జాగారం చేశానా?" ముసలామె బక్కెట్లో కుంచెను గిర్రున తిప్పింది. "నీకిచ్చానంటే అదిక రాదని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. ఆ మాట నన్ను అనమనకు."

డీలియా పోట్లాడటానికే వచ్చింది. ఇప్పుడు పోట్లాడాలంటే ఎవరితో? నిచ్చెన కింది మెట్టు మీద కూలబడింది. తర్వాత ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది.

"చివర్లో అత్తకు మనుషులు గుర్తులేరు. నన్ను చూసి మీరనుకునేది. 'ఒసే హానర్, గోడకు సున్నం వేశావా? దారమ్మట జనం వచ్చేస్తున్నారే' అని కేకలేసేది."

"నువ్వేమన్నావు?"

"వేశాననేదాన్ని."

"రొట్టె అడిగిందా? రొట్టె సంగతి అడక్కుండా ఉండదే అది."

"అడిగేది. మాడ్చావా అనేది. లేదంటే నమ్మేది కాదు. మళ్లీ చూసి రమ్మని పంపేది. వెళ్లొచ్చి, బానే ఉందంటే అప్పుడు పడుకునేది."

"ఎన్నాళ్లిలా?"

"పోయేదాకా. రోజూ."

హానర్ సముద్రం వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. రెండూ అయి ఉంటాయి. "మొండి ముండ," అంది. "ఒక్కసారి మాడ్చాను. ఒక్కసారి! అంత దూరం పోయి కూడా దెప్పుతూనే ఉంది."

ముక్కు చీది, బక్కెట్ ఎత్తుకుంది. "పద."

"ఎక్కడికి?"

"మీ ఇంటికి. ఆ గోడ చూసుకున్నావా, పెచ్చులూడి ఎలా ఉందో? దాన్ని పెట్టుకుని ఫాదర్ గారిని పిలుస్తావా? సిగ్గుండాలి."

అక్టోబరులో పూజ మల్కెరిన్ వాళ్ల ఇంట్లో జరిగింది. పాచో బల్లలు మోసుకొచ్చి, "ఈ కుర్చీలకు కూడా ఇంగ్లండు కాళ్లేనా, నన్ను మోస్తాయా?" అంటే, "నువ్వు తిండి మానితే మోస్తాయి," అంది డీలియా. జనం పకపకా నవ్వారు. నిప్పు పక్కన మేజా మీద తెల్ల గుడ్డ పరిచారు. ఆ పక్క కుర్చీలో హానర్‌ను కూర్చోబెట్టారు. ఏ పనీ లేక ఆవిడ చేతులు ఒళ్లో ఊరికే కదులుతున్నాయి.

పూజ మధ్యలో ఫాదర్ గారు ఆగి, ఈ ఇంట్లో గతించినవాళ్ల పేర్లు చెప్పమన్నారు. చెప్పాల్సింది ఇంటివాళ్లు. డీలియా తాత పేరు చెప్పింది, నాయనమ్మ పేరు చెప్పింది, తండ్రి పేరు చెప్పింది. తర్వాతి పేరు నాలుక మీదకొచ్చి ఆగిపోయింది. హానర్ ఎదురుగా ఉంది. వంతు ఇచ్చేసిన మనిషి దగ్గర్నుంచి ఆ ఆశ కూడా గుంజుకోవాలా అనిపించింది. చెప్పలేక తల దించుకుంది. ఫాదర్ గారు ఎదురుచూశారు. గదంతా ఎదురుచూసింది.

"సబీనా," అంది హానర్ కుర్చీలోంచి. "సబీనా మల్కెరిన్ కూడా పోయింది, ఫాదర్. దాని ఆత్మకు శాంతి కలగాలి."

అని, చిన్నపిల్లలా గొంతెత్తి ఏడ్చింది. డీలియా వెళ్లి ఆవిడ పక్కన మోకరించి చెయ్యి పట్టుకుంది. సబీనా తిరిగొస్తుందని మా ఊళ్లో ఇన్నేళ్లూ ఎదురుచూసిన మనిషి హానర్ ఒక్కతే. ఆ ఉదయం ఆవిడ కూడా ఎదురుచూడటం మానేసింది.