పాటిగడ్డ పూస

పాతకాలం పట్టణమేదో అంతరించిందని చదివినప్పుడల్లా నాకు మక్తల్ బస్సుల నా పక్కన కూసున్న పెద్దమనిషి యాదికొస్తడు. ఆయన మణికట్టుకున్న ఎర్రరాతి పూస ఎక్కడిదని అడిగిన.

"మా ఊరి పాటిగడ్డది సార్, పాతూరి దిబ్బ. ఎనుకట కృష్ణ ఒడ్డుకు పెద్ద ఊరుండెనట, పడవల మీద పూసల బేరం నడిచేదట. వాన కొడితే మట్టిల తేలుతుండె. దిష్టి తాకకుంట గొర్రెపిల్లలకు కడ్తుంటిమి."

"ఇప్పుడు దొరకవా?"

"గడ్డ ఏడున్నది? పాటిమన్ను బలమని ట్రాక్టర్లతోని చేన్లకు తోలుకున్నం. ఊరుకు ఊరు చల్లినా పంట రాలే. మొన్న గొర్లనూ అమ్మినం. అమ్మేముందు ఒకదాని మెడల నుంచి ఈ పూసొక్కటి ఇప్పుకున్న."

"ఆ ఊరు ఎట్ల పోయింది? వరదల కొట్టుకపోయిందా?"

అదే బస్సుల బొంబాయి పనులకు బయలెల్లిన తన ఊరోళ్ల దిక్కు, వాళ్ల కాళ్లకాడి మూటల దిక్కు చూసిండు.

"వరదెందుకు సార్? గిట్లనే పోయుంటది."