తొట్టి నీళ్లు రుచి చూసే మాస్టారు

మా మాస్టారు పోయారన్న కబురు నాతో చదివే నరసాపురం అమ్మాయి ఫోను చేసి చెప్పింది. ఆదివారం పొద్దున్న, రాజమండ్రి ఆసుపత్రిలో. అయ్యో మాస్టారు, అనుకున్నాను. ఆ వెంటనే, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, ఇంకో మాట లోపల మెదిలింది: వాళ్లింట్లోవాళ్లు ముందు ఆమెకెందుకు చెప్పారు?

ఏ దున్నపోతు కూతుళ్లు బాగా పాలు ఇస్తాయో తేల్చే విద్య ఆయనది. మా పశువైద్య కాలేజీలో అదే పాఠం చెప్పేవారు. రిటైరయ్యాక కూడా నెలకోసారి పల్లెలు తిరిగి ఇంటింటా గేదెల పాలు తూచేవారు. పోయిన ఏడాది నన్నూ ఆ అమ్మాయినీ సాయానికి తీసుకున్నారు. ఆమెది సముద్రం పక్క చేపలు పట్టేవాళ్ల ఇల్లు. మాది కడియంలో మొక్కల నర్సరీ.

పాలు తూచే ముందు ఆయన నీళ్ల తొట్టిలో వేలు ముంచి నాలిక మీద వేసుకునేవారు. తర్వాత గడ్డివాము లోంచి ఓ పరక లాగి నమిలేవారు. "మీక్కూడా కాస్త కుడితి పెట్టమంటారా అండీ?" అని ఒకావిడ అడిగితే, "గడ్డి చాల్లేమ్మా, పళ్లింకా ఉన్నాయి" అన్నారు. మొదటి రోజే ఆ అమ్మాయి కూడా తొట్టిలో వేలు ముంచింది. నేను జేబురుమాలు వెతుక్కున్నాను.

ఆమెను "అమ్మా" అనేవారు. నన్ను "ఏమయ్యా" అనేవారు. ఆ రెండు పిలుపుల మధ్య దూరాన్ని నేను రోజూ కొలిచేవాణ్ణి.

కొలతలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి జాబితా తయారుచేసే పని నాకిచ్చారు. మా వైపు ఇంటికి రెండో మూడో గేదెలే. వాటిలో వాటిని పోలిస్తే ఏమీ తేలదు, కొన్ని ఇళ్లను కలిపి గుంపులు చేయాలి. నేను మండలాల వారీగా కలిపాను. వారం రోజులు కూర్చుని గీతలు కొట్టి, కొత్తగా నేర్చుకున్న మంచి మాటలు ఏరి శీర్షికలు పెట్టాను. అందులో ఒక దున్న అట్టడుగున నిలిచింది. జాబితా అలాగే వెళ్తే గేదెల్ని చూలు కట్టించడానికి దాని విత్తనాన్ని ఇక ఊళ్లకు పంపరు.

మాస్టారు చదివి కళ్లద్దాలు తీశారు. "ఏమయ్యా, గేదెలకి రేషను కార్డులున్నాయా ఏంటి, మండలాల వారీగా నిలబెట్టావు?"

ఆ అమ్మాయి నా కాగితం మీదే పెన్సిలుతో ఇళ్లను విడదీసింది. లంక గడ్డి మేసేవి ఒకచోట, కాలవ కింద వరిగడ్డి తినేవి ఒకచోట, వేసవిలో ఉప్పెక్కే నీళ్లు తాగేవి ఒకచోట. చూస్తే ఆ దున్న కూతుళ్లు దాదాపు అన్నీ ఉప్పునీళ్ల ఇళ్లలోనే ఉన్నాయి. అవే నీళ్లు తాగే గేదెలతో పోల్చి లెక్క వేస్తే, ఆ దున్న పై వరసలోకి వచ్చింది.

"పాలు గేదె ఒక్కదానివే కాదయ్యా, నేలవి కూడా. మెచ్చుకున్నా తిట్టినా నేల వాటా తీసేశాకే" అన్నారు మాస్టారు. నివేదిక మీద ముందు ఆమె పేరు రాసి, కింద నాది రాశారు.

నాకు నిద్ర పట్టేది కాదు. సముద్రం పక్క పుట్టింది, నీళ్ల రుచి తెలియడం ఏం గొప్ప? నేల వాటా తీసేస్తే ఆమెకు మిగిలేదెంత? ఒకరోజు ఆ మాట మాస్టారితోనే అనేశాను. ఆయన కోప్పడలేదు.

"మరి నీ నేల వాటా కూడా తీసి చూడవయ్యా. ఇంట్లో కంప్యూటరు, అడిగిందల్లా కొనిచ్చే నాన్న."

నేను తీయలేదు. ఏం మిగులుతుందోనని భయం. వచ్చే ఏడు నివేదికలో నా పేరు ముందు రాయించుకోవాలని మాత్రం పంతం పట్టాను. ఇప్పుడిక ఆ వరస మార్చే చెయ్యి లేదు.

పదకొండో రోజు అయ్యాక, ఈ నెల తూకం ఆగకూడదని ఇద్దరం బస్సెక్కాం. "నీ జాబితా లేకపోతే నేను దేన్ని దిద్దేదాన్ని?" అందామె దారిలో. ఓదార్పో ఎత్తిపొడుపో తెలియలేదు. సముద్రం పక్క ఊళ్లో తను ఒక వీధిలోకి వెళ్లి నన్ను ఇంకో వీధికి పంపింది. నేను అట్టడుగున పెట్టిన ఆ దున్న కూతురు ఉన్న ఇల్లు నా వీధిలోనే ఉంది.

"పెద్దాయన రాలేదేంటండీ?" అంది ఇంటావిడ. చెప్పాను. ఆవిడ చెంగుతో కళ్లొత్తుకుని, గేదె ఉప్పుటేట్లో ఉంది, వచ్చేస్తుంది కూర్చోమంది.

కాసేపటికి అది ఒడ్డెక్కింది. నల్లటి వీపు సాయంత్రపు ఎండకు ఆరుతోంది. తడి ఆరినచోటల్లా, ముగ్గు జల్లినట్టు, సన్నగా తెల్లటి ఉప్పు తేలుతోంది. ఆ ఉప్పుతోనే, ఆ నేల వాటాతోనే, అది నా పక్కనుంచి నడిచివెళ్లి దూడ ముందు నిలబడింది.