పిల్లల ఓపీకి ఐదుగురు

కొత్తగా తెరవబోయే పిల్లల ఓపీకి ఎంపికైన ఐదుగురు నర్సుల పేర్లు ఆ ఉదయం ఆసుపత్రి నోటీసు బోర్డెక్కాయి. వాళ్ళలో అందరికన్నా సీనియర్‌కి అనుభవం పద్నాలుగు నెలలు.

ఈ ఘనత కంప్యూటర్ గదిలో కూర్చునే సిస్టమ్ బాబుగారిది. ఆ పేరు నర్సులు వెటకారానికి పెట్టారు, ఆయన బిరుదుగా తీసుకున్నారు. కంప్యూటర్ తప్పు చేయదనీ, తాను దానికి దగ్గరి చుట్టమనీ ఆయన నమ్మకం.

బోర్డు చూసి నేరుగా ఆయన గదికొచ్చింది వదినగారు, అంటే ఆయన భార్యకు అక్క. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే నర్సు. ఓపీ అయితే పగటి డ్యూటీ. మంచాన పడ్డ భర్త పక్కన రాత్రిళ్ళు ఉండొచ్చని ఆవిడ ఆశ.

"మరిదిగారూ, నాకు పిల్లల పని రాదని మీ కంప్యూటర్‌కి ఎవరు చెప్పారు?"

"దానికి తన, పర అని ఉండదు వదినా. అడిగినదానికి జవాబిస్తుంది, అంతే."

"మరి మీరేం అడిగారో?"

ఇంత చిన్న ప్రశ్న తన హోదాకు తగదనుకున్నారు బాబుగారు. ఆవిడ మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇక తెర చూపించక తప్పలేదు.

ప్రతి నర్సుకూ వచ్చిన పనులన్నీ ఒకే గడిలో ఉంటాయి. వదినగారి గడిలో నాలుగు: పిల్లలు, ప్రసూతి, కాలిన గాయాలు, ఆపరేషన్ థియేటర్. గడిలో 'పిల్లలు' ఉన్నవాళ్ళెవరని బాబుగారు అడగలేదు. 'పిల్లలు' తప్ప మరేమీ లేనివాళ్ళెవరని అడిగారు. రెండో పని నేర్చుకున్న పాపానికి పాతవాళ్ళంతా ఎగిరిపోయారు. అక్కడితో ఆగితే ఆయన ప్రతిభ వృథా అయ్యేది. మిగిలినవాళ్ళలో చేతికందిన ఐదుగురిని ముందు పట్టుకుని, ఆ తర్వాత ఆ ఐదుగురినే అనుభవం ప్రకారం శ్రద్ధగా వరస పెట్టారు.

"అంటే, బుట్టలో పైనున్న ఐదు టమాటాలు తీసి, వాటిలో పెద్దదాన్ని చూసి, బుట్ట మొత్తానికీ ఇదే పెద్దదన్నారు. అంతేగా?"

"టెక్నికల్ విషయాలు మీకు అర్థం కావు వదినా."

"అయ్యాయిలెండి. సూపరింటెండెంట్‌కి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా? మా చెల్లికి ఎలాగూ నేనే చెప్తాను."

ఆ చివరి మాటకు బాబుగారి వేళ్ళు కదిలాయి. 'పిల్లలు' ఉన్న గడులన్నీ రావాలి, ఎక్కువ అనుభవం ముందుండాలి, ఆ పైనే ఐదుగురిని తీయాలి. మధ్యాహ్నానికి 'సాఫ్ట్‌వేర్ లోపం సరిచేయడమైనది' అన్న శీర్షికతో కొత్త కాగితం అంటించారు. ఆ సాఫ్ట్‌వేర్ ఇంటికెళ్ళి భోంచేస్తుందని మాత్రం రాయలేదు.

పాత ఐదుగురిలో ఒక్కరూ మిగల్లేదు. మొదటి పేరు వదినగారిది. సోమవారం నుంచి పగటి డ్యూటీ.