కబ్ద్ తోటకు కరెంటు మారిన మాఘం

అరబ్బు దేశపు ఎడారిలో, కబ్ద్‌లోని ఆ తోటకు కరెంటు రెండు దారుల వచ్చేది. పగలు కొంత, మేడమీద పరచిన సోలార్ ప్యానెళ్లనుండి. తక్కినదంతా పక్క తోటవారి జనరేటరునుండి, గోడమీదుగా లాగిన నల్లని తీగగుండా. ఆ జనరేటరు రొద చెప్పనలవి కానిది. మాటాడుకొంటున్న ఇద్దరు మనుషులు వాక్యం నడుమ ఆగి, ఒకరి ముఖం ఒకరు చూచుకొని, గొంతు పెంచి మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చేది.

నేను ఆ తోట యజమాని గిడ్డంగిలో పనిచేసేవాడిని. దాణా, గ్యాసు, బియ్యం బండిలో వేయించుకొని వారం వారం తోటకు చేర్చడం నా విధులలో ఒకటి. కళాశాలలో నేను అభ్యసించిన ఛందో వ్యాకరణాలకు ఎడారిలో పని ఏముంటుంది? నగరంలో మహబూలా పేట గదులలో ఉండే మన తెలుగువారికి తిథులు చెప్పడానికి మాత్రం ఆ చదువు అక్కరకు వచ్చేది. తోట కాపరి నన్ను ఎరిగినదీ ఆ విధంగానే.

అతడు కడప జిల్లావాడు. అతని భార్య అదే యజమాని ఇంట, రుమైథియాలో వంటమనిషి. ఒకే కఫీల్ కింద, అంటే వీసా ఇచ్చే ఒకే యజమాని కింద, ఉంటే కలిసి ఉండవచ్చునని తలచి ఇద్దరూ ఆ ఇంటికే వీసాలు తెచ్చుకొన్నారు. తీరా వచ్చిన తరువాత ఆమె నగరంలో, ఇతడు ఎడారిలో. పనివారందరూ మామా అని పిలిచే యజమానురాలు తోటకు బయలుదేరిన నాడే ఆమెకూ ప్రయాణం. మామా ఒకప్పుడు చలికాలమంతా జుమ్మా జుమ్మాకు, ప్రతి శుక్రవారమూ, వచ్చేదట. పక్క తోటవారు జనరేటరు పెట్టించిన తరువాత ఆ రొదలో నిద్ర పట్టక రాకపోకలు తగ్గించుకొన్నది. క్రమంగా మానుకొన్నది.

"ఆ గుడగుడ లేకుంటే మామా వస్తాది అయ్యవారూ. మామా వస్తే మా ఆడమనిషి వస్తాది," అనేవాడు ప్యానెళ్లమీది దుమ్మును తడిబట్టతో తుడుస్తూ. రోజూ తెల్లవారకముందే ఆ పని చేసేవాడు. ఎండ పడిన తరువాత నీళ్లు చల్లితే గాజు పగులుతుందని అతని భయం.

సర్కారు లైను ఆ దారిన వస్తున్నదని తెలిసిన నాటినుండి కాపరి యజమానిని వదలలేదు. పనివారు బాబా అని పిలిచే ఆ పెద్దమనిషి తోటలో అడుగు పెట్టిన ప్రతిసారీ, తనకు వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలతో ఒకటే విన్నపం. "బాబా, కహరబా మార్పియ్యి. జనరేటర్ ఖలాస్. మామా నిద్ర పోతాది." కహరబా అంటే కరెంటు. ఒకనాడు ఆయన విసుగుతోనో నవ్వుతోనో సరేనన్నాడు. దరఖాస్తులు కదిలాయి. పక్క తోటవాడికి మాట చెప్పారు. అతడు అలిగి, కొత్త లైను వచ్చేదాకా ఆగకుండానే నల్లని తీగ కోసి చుట్టచుట్టుకొని పోయాడు.

కాపరి జంకలేదు. "పోనీలే అయ్యవారూ. పగలు అద్దాలుండాయి గదా, రాత్రికి దీపం చాలు" అన్నాడు. కాని తీగ తెగిన క్షణమే ప్యానెళ్లూ మూగవోయాయి. ఆకాశం నిర్మలంగా ఉన్నది, ఎండ నిండుగా కాస్తున్నది, గదిలో ఫ్యాను తిరగలేదు. అతడు నిచ్చెన ఎక్కి మళ్లీ తుడిచాడు. మళ్లీ దిగివచ్చి స్విచ్చు వేశాడు.

"పైన సూర్యనారాయణుడు, కింద అద్దాలు. మద్దెలో ఏమొచ్చింది రోగం?"

లైను పనిమీద వచ్చిన ఇంజనీరు హిందీలో విప్పి చెప్పాడు. ఆ ప్యానెళ్ల పెట్టె బయటి లైనును ఆధారం చేసుకొని నడిచే రకమట. లైనులో ప్రాణముంటేనే తన కరెంటును అందులో కలుపుతుంది. లైను ఆగితే ఎంత ఎండ ఉన్నా తానూ ఆగిపోతుంది. తీగలమీద పనిచేసేవారికి ప్రమాదం కలుగకుండా అలా చేస్తారట. కాపరి అంతా విని, "అట్లయితే ఇది ఒంటిగా బతకలేదన్నమాట" అన్నాడు.

కొత్త లైను వచ్చేవరకు ఆ చలిలో చీకటి గదిలోనే ఉన్నాడు. నేను వెళ్లినప్పుడు నా బండిలో ఫోను చార్జింగుకు పెట్టుకొని, తలుపు తెరచి, ఒక కాలు నేలమీద ఆనించి కూర్చొని భార్యతో మాటాడేవాడు.

లైను కలిపే పనివారు ఏ రోజు కావాలని అడిగితే, నన్ను మంచిరోజు చెప్పమన్నాడు. రథసప్తమి దగ్గరలోనే ఉన్నది. సూర్యుని కరెంటుకు సూర్యుని తిథికంటె మేలైనది ఏది? ఆ మాటే అన్నాను. బడులకు సెలవులు కావడంతో యజమాని కుటుంబమంతా ముందునాటి సాయంత్రమే తరలి వచ్చింది. వారితో కాపరి భార్యా వచ్చింది.

తెల్లవారేసరికి ఆమె తోటలోని రేగుచెట్టు ఆకులు తలమీద పెట్టుకొని స్నానం ముగించింది. పక్క పశువుల శాలనుండి అతడు తెచ్చి ఎండబెట్టిన పిడకలు ప్యానెళ్లకు ఎదురుగా పేర్చి పాలు పొంగించింది. అతడు పెంచిన చిక్కుడు పాదునుండి ఆకులు కోసి పరమాన్నం వడ్డించింది.

"ఏందబ్బా ఇట్ల చిక్కిపోయినావు? మేకలకు పెట్టే దాణా నువ్వు కూడా రోంత తినకూడదా?" అన్నది.

"నువ్వు రుమైథియాలో ఖుబూస్ రొట్టెలు తిని ఊరినావు గదా, ఇద్దరికీ సరిపాయలే!"

"అయ్యవారి ముందర ఏం మాటలవి? బుద్ధుండాల."

ఆమె తిడుతూనే అతని ఆకులో మరొక గరిటె వేసింది. ఆ పొద్దెక్కిన తరువాత లైను కలిపారు. పక్క తోటకూ ఆనాడే కలపడంతో అక్కడి జనరేటరూ ఆగింది. పెట్టెమీద ఆకుపచ్చని చుక్క వెలిగింది. తోటలో ఎటువంటి శబ్దమూ లేదు. నా జ్ఞాపకంలో ఆ తోటలో పిచ్చుకలు మొదటిసారి వినబడినది ఆనాడే. మామా మధ్యాహ్నం సుఖంగా నిద్రించి లేచి, కాపరిని పిలిచి మెచ్చుకొన్నది.

"ఇంక ప్రతి జుమ్మా వస్తావులే" అన్నాడు అతడు, బండి ఎక్కుతున్న భార్యతో.

"మామా దయ" అన్నది ఆమె.

యజమాని పెద్దకొడుకు ఆ రెండు రోజులూ తోటనంతటిని ఫోనులో చిత్రాలు తీశాడు. ఇంత నిశ్శబ్దంగా, ఇంత వెలుతురుగా ఉన్న తోటను సెలవు రోజులకు అద్దెకిస్తే బాగుంటుందని అతనికి తోచింది. మరుసటి గురువారం నుండే కొత్త మనుషులు రాసాగారు. ఒకవారం పెళ్లివారు, ఒకవారం స్నేహితుల బృందం. మామాకు తన తోటలో చోటు లేకపోయింది. ఆమె పట్టించుకొన్నట్లు లేదు. సముద్రపు ఒడ్డున వారికి మరొక ఇల్లున్నది, అక్కడ వంటకు మరొక మనిషి ఉన్నది.

కాపరి వచ్చినవారికి బొగ్గులు రాజేసి ఇచ్చేవాడు. వెళ్లిన తరువాత చెత్త ఎత్తేవాడు. ఒకసారి నన్ను అడిగాడు: "మల్లా ఆ పాత జనరేటర్ లైనే తీసుకుంటే ఎట్లుంటాది అయ్యవారూ?"

"అది ఎవరు ఒప్పుకొంటారయ్యా?"

"నిజమే. ఖలాస్."

ఆ తరువాత అతడు ప్యానెళ్లు తుడవడం మానాడు. ధూళి పేరుకొని అవి నేల రంగుకు వచ్చాయి. కరెంటు చాలక దీపాలు మినుకుమంటే అద్దెవారు రావడం మానుకొంటారని ఆశించాడని, అతడు చెప్పకుండానే గ్రహించాను. కాని ఇప్పుడు తోట ఆ ప్యానెళ్లమీద ఆధారపడినది కాదు. ఎండ అందించనిదంతా సర్కారు లైను నింపుతున్నది. దీపాలు ఏమాత్రం తగ్గకుండా వెలిగాయి.

మరుసటి మాఘంలో, తిథి అడిగి, నన్ను తప్పక రమ్మన్నాడు. నేను వెళ్లేసరికి అద్దెవారు లోపల నిద్రిస్తున్నారు. గోడవారన ఒక్కడే పాలు పొంగించి బియ్యం వేశాడు. రుమైథియానుండి భార్య వీడియో ఫోను వచ్చింది. పొంగు చూపించాడు. ఆమె కొంగు కళ్లకద్దుకొని దండం పెట్టుకొన్నది.

"అద్దాలు తుడిచినావా?" అని అడిగింది.

"తుడిచినా మే. మొగం చూసుకోవచ్చు."

"బాగా పెట్టుకో. మామా ఎప్పుడన్నా పోదాం అంటే, దుమ్ము చూసి మల్లా రాకుండా పోతాది."

అతడు సరేనని ఫోను జేబులో పెట్టుకొన్నాడు. పరమాన్నంమీద మూత వేశాడు. కొళాయి కింద పాతబట్ట తడిపి, పిండి, భుజాన వేసుకొని, నిచ్చెన తెచ్చి గోడకు ఆనించాడు. నేను దాని కాళ్లు పట్టుకొని నిలుచున్నాను.