అందరికీ వేస్తేనే ఆ రెండు మార్కులు

మొన్న ప్రొద్దుటూరులో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. పొద్దున మనవడికి సైన్సులో ముప్పై ఒకటి అని చూపించిన ఫోను సాయంత్రానికి ముప్పై ఎనిమిది అని చూపిస్తోంది. ఇదేం వింతే అంటే, "సారుకు ఫోన్ చేసినా మా, మార్చినాడు, అంతే" అని నవ్వేసింది. ఎవరు మళ్ళీ దిద్దారు, మిగతా పిల్లల సంగతేమిటి అని అడిగితే, "నువ్వింగా ఆ కాలంలోనే ఉండావు" అంది. అవును, ఉన్నాను. ఉన్నందుకు నాకు సిగ్గేమీ లేదు. నాతో పాటు చాక్‌పీసు పొడి పీల్చిన మీకైనా నా మంట అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను జమ్మలమడుగు దగ్గర ఒక ఊరి ప్రభుత్వ హైస్కూలుకు సైన్సు టీచరుగా వేశారు. అక్కడ మార్కులు మారడానికి ఒకటే దారి ఉండేది. స్టాఫ్ రూములోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చోగలిగిన తండ్రో తాతో ఉన్న పిల్లవాడికి మారేవి, లేనివాడు ఏడ్చుకుంటూ ఇంటికి పోవలసిందే. మా నాన్న పూజారి, నేను చదువుకున్న రోజుల్లో మా బడి గేటు దాటి లోపలికి వచ్చి ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు, అందుకేనేమో ఆ కుర్చీ లాగిన చప్పుడు వింటేనే నాకు ఒళ్ళు మండేది.

అందుకని నా క్లాసు వరకు ఒక పద్ధతి పెట్టుకున్నాను. సంవత్సరం చివరి పరీక్షలైనా సరే, ఫలితాలు గోడకు అంటించే ముందు పేపర్లు పిల్లల చేతికిచ్చేదాన్ని. మార్కులు తక్కువ పడ్డాయనుకున్నవాడు తనే లేచి, జవాబు అందరికీ వినబడేట్టు చదవాలి. ఆ పేపరు పేరున్న చోట మడిచి లెక్కల మాస్టారికిచ్చేదాన్ని, ఆయన పెంచితే పెరిగినట్టు, తగ్గిస్తే తగ్గినట్టు. ఇంకొక్క షరతు, అసలైనది: ఒక జవాబుకు ఒకరికి పెరిగితే, అదే రాసిన ప్రతి ఒక్కరికీ పెరగాలి. దిద్దేవాళ్ళు దేవుళ్ళేమీ కాదు, పొరపాటు సరిదిద్దుకోవచ్చు, కానీ ఒక్కడి కోసం మాత్రం కాదు. తోటి టీచర్లు నన్ను కోర్టమ్మ అని వేళాకోళం చేసేవారు, చేసుకోనీ అని ఊరుకున్నాను.

ఒక ఏడు తొమ్మిదో తరగతిలో మొదటి స్థానం ఒక ఆడపిల్లది, వాళ్ళ నాన్న చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో మూటలెత్తే మనిషి. ఆమె వెనక ఒక్క మార్కు తేడాతో ఊరి పెద్దాయన మనవడు ఉన్నాడు. పంద్రాగస్టు నాడు జెండా ఎగరేశాక, ఫస్టు వచ్చిన బిడ్డకు ఊరంతా చూస్తుండగా బహుమతి ఇచ్చేది ఏటా ఆ పెద్దాయనే, ఆ ఏడు సొంత మనవడికే ఇచ్చుకోవాలని ఆయన ముచ్చట. ఆ ముచ్చట తీరాలంటే ఆ పిల్ల కష్టం మట్టిలో కలవాలి.

ఆ పెద్దాయన వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఏమ్మా టీచరమ్మా, మావోనికి రొండు మార్కులు తక్కువేసినావంట. ఏసేయ్ మ్మా, మాటెందుకు?" అన్నాడు, అరటిపండు ఇవ్వమన్నంత తేలికగా. మీ మనవణ్ణే లేచి అడగమనండి, అందరూ అట్లాగే అడుగుతారు అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది కానీ, రెండు మార్కుల కోసం దానికీ ఒప్పుకున్నాడు.

మర్నాడు ఆ అబ్బాయి లేచి చదివాడు. కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయన్నది ప్రశ్న. కుండకు చెమట పట్టి, ఆ చెమట ఆరుతూ నీళ్ళలోని వేడిని లాక్కుపోతుందని రాశాడు. బాష్పీభవనం అన్న మాట లేదని నేను కోసిన మార్కులవి. ఆ తర్వాత పిలిపిస్తే లెక్కల మాస్టారు క్లాసుకు వచ్చి, మడిచిన పేపరు చదివి, ఇది సరైన జవాబే, రెండు వేయాల్సిందే అన్నారు. ఆ మాట పూర్తి కాకముందే క్లాసు సగం లేచి నిలబడింది, "మేడమ్, మేమూ అదే రాసినాం మేడమ్!" అని ఒకటే కేకలు. లేచినవాళ్ళలో ఆ ఆడపిల్ల కూడా ఉంది. అందరివీ చూసి, అందరికీ వేసి, కొత్త మార్కులు బోర్డు మీద రాశాను. తేడా మళ్ళీ ఆ ఒక్క మార్కే.

సాయంత్రం హెడ్మాస్టరు పిలిచి, మంచివాడే పాపం, చెమటలు తుడుచుకుంటూ, "ఆ పిల్లోనికి ఒక్కనికే ఉంచమ్మా, తక్కినోళ్ళవి ఎవురడుగుతారు?" అన్నాడు. నేను అడుగుతాను సార్, సంతకం పెట్టను అన్నాను. బదిలీ అంటారు అన్నాడు. చేయించమనండి అన్నాను. ఎండాకాలం సెలవుల్లోనే వేంపల్లె అవతలి బడికి ఆర్డరు వచ్చింది. చంటిబిడ్డను చంకనేసుకుని పులివెందులలో బస్సు మారి, వేంపల్లెలో దిగి ఆటోలో పడి, ఆ బడికి ఏళ్ళ తరబడి తిరిగాను. మా ఆయన సణిగాడు, మా అత్త బహిరంగంగానే తిట్టింది. కానీ క్లాసంతా కళ్ళారా చూసిన మార్కులను ముట్టుకునే ధైర్యం నేను పోయాక కూడా ఎవరికీ రాలేదు.

ఆ పంద్రాగస్టు నేను చూడలేదు. కొన్నాళ్ళకు లెక్కల మాస్టారు బస్టాండులో కనిపించి, "పెద్దాయన చేతుల్తోనే ఆ బిడ్డకు ఇచ్చినాడు మేడమ్. ఇయ్యక యాడికి పోతాడు!" అని పగలబడి నవ్వారు. ఆ నవ్వుతో నా బస్సు ప్రయాణాలన్నీ చెల్లిపోయాయి.

ఇప్పుడైనా అదే చేస్తాను, వంద బదిలీలు రానీ. కానీ ఈమధ్య ఒక్కటి మాత్రం బెంగగా ఉంటుంది. ఆ పెద్దాయన ఎంత దౌర్జన్యపరుడైనా, అడగడానికి మనిషిగా వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు, నేను ఆయన మొహం చూసి కాదన్నాను. ఇవాళ మార్కులు ఎవరి వేలి కిందో చప్పుడు లేకుండా మారిపోతున్నాయి. కాదనే గొంతు నాకింకా ఉంది, ఎవరితో అనాలో తెలియడం లేదు.