గాజు పెట్టెలో బుజ్జి

భార్య పోయాక దిగాలుపడిపోయిన తండ్రిని కూతురు బతిమాలి మ్యూజియానికి తీసుకొచ్చింది. ఆయన ఉద్యోగమంతా జూలో జంతువుల్ని సాకడంతోనే గడిచింది. పాత నాగళ్లు, కుండలు ఉన్న గదుల్ని మొక్కుబడిగా చూసి, జంతువుల హాల్లోకి రాగానే కొయ్యబారిపోయాడు.

గాజు పెట్టెలో, గడ్డి కూరి నిలబెట్టిన ఒక ఆడ చిరుత కోరలు బయటపెట్టి, మీదికి దూకబోతున్నట్టు నిలబడి ఉంది. దాని ఎడమ చెవి సగం చిరిగి ఉంది.

"ఇది మన బుజ్జేనమ్మా," అన్నాడు.

తల్లి వదిలేసిన ఆ కూనని ఇంటికి తెచ్చి, ఆలుమగలిద్దరూ సీసాతో పాలుపట్టి బతికించారు. అది జబ్బుచేసి చచ్చిపోయినప్పుడు, జూ వెనకాల పాతిపెట్టామని అధికారి చెప్పాడు. ఆ మాట నమ్మి ఆయన భార్య ఏటా అక్కడికెళ్లి పూలు పెట్టి వచ్చేది.

"ఈ సంగతి తెలీకుండానే అమ్మ పోయింది. అదే నయం నాన్నా," అంది కూతురు.

ఇంతలో పక్కనున్న ఒక చంటిది చిరుతని చూసి జడుసుకుని ఏడుపు లంకించుకుంది.

"అన్నం తినకపోతే నిన్ను ఎత్తుకుపోతుంది," అని వాళ్లమ్మ ఇంకా బెదిరించింది.

"అది ఎవర్నీ గీరి కూడా ఎరగదమ్మా," అన్నాడు పెద్దాయన. ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, పిల్లని చంకనేసుకుని వెళ్లిపోయింది.

ఆయన కాపలావాడి దగ్గరికెళ్లి, "దాని నోరు మూయించే వీలుందా బాబూ?" అని అడిగాడు.

"అలా ఉంటేనే కదండీ జనం ఆగి చూసేది," అన్నాడతను నవ్వుతూ.

తిరుగు ప్రయాణంలో ఆయన బస్సు కిటికీకి తల ఆనించి, నోటికి చేయి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.