తోటికోడలి కుట్లు

పత్రిక ఉద్యోగం మానేసి, మావారి బదిలీతో సూరత్ వచ్చిన కొత్తలో జరిగిందిది. అమ్రోలిలో మా వెనక వీధిలో ఉండే పద్మకు నొప్పులు మొదలయ్యాయి. భర్త సాంచెల కార్ఖానాలో, మరమగ్గాల పనిలో ఉన్నాడు. హిందీ వచ్చు కదా అని నన్ను తోడు రమ్మన్నారు.

ఆసుపత్రిలో పద్మ ఇచ్చిన ఫైలు మీద సుజాత అని ఉంది. ఇంట్లో ఒక పేరు, కాగితాల్లో ఒక పేరు మామూలే కదా అని ఊరుకున్నాను.

కాసేపటికి డాక్టరమ్మ నన్ను తెర వెనక్కి పిలిచింది. "పోయినసారి ఆపరేషన్ అయిందని ఇందులో ఉంది. కుట్లేవి?"

అదే పద్మను తెలుగులో అడిగాను.

"కుట్లు మా యారాలివి అక్కా. ఫైలు గూడ ఆమెదే" అంది పంటి బిగువున. "నేనొచ్చి నెలే అయింది. ఈడ ఫైలు లేనోళ్లను తీసుకోరన్నరు. గిప్పుడు ఎల్లగొడ్తరా ఏంది? జర అడుగు."

అడిగాను. డాక్టరమ్మ కళ్ళజోడు తుడుచుకుంది. "రక్తం గ్రూపు కూడా తోటికోడలిదేనా?"

అదీ ఆమెదేనట. అవసరమై ఆ గ్రూపు రక్తమే ఎక్కించి ఉంటే!

"ఎక్కడికీ పంపం. ముందు ఈమె అసలు పేరు చెప్పండి" అని డాక్టరమ్మ కొత్త కాగితం తీసింది. రక్తం మళ్ళీ పరీక్షకు పంపింది.

మామూలు కాన్పే అయింది. ఆడపిల్ల. పద్మ కళ్ళు తెరిచి, "తల్లి పేరు నాదే రాసిన్రా అక్కా?" అని అడిగింది.

పదకొండేళ్ళు వార్తల్లో పేర్లు సరిచూసిన నేను ఆ పొద్దున ఒక్క పేరు అడగలేకపోయాను. అందుకే లేచి వెళ్ళి ఆ కాగితం రెండుసార్లు చదివి వచ్చి, "నీదే" అని చెప్పాను.